ఉన్నవి 22 రోజులు: జాబ్ మేళానా, కాన్ఫరెన్సా, వర్క్‌షాపా, ల్యాబా?

సెమిస్టరుకి పనిదినాలు సుమారు 90. హాజరు 75 శాతం ఉండాలి. అంటే క్లాసు మానగలిగింది మహా అయితే 22 రోజులు. అందులో జ్వరానికి నాలుగు, బంధువుల పెళ్ళిళ్ళకి నాలుగు, పండక్కి ఊరెళ్ళి తిరిగొచ్చేటప్పుడు బస్సు దొరక్క రెండు పోతాయి. చివరికి మిగిలేవి పది పన్నెండు. కెరీర్ గురించి తిరిగినా, సెమినార్లకి వెళ్ళినా, పోటీల్లో పాల్గొన్నా ఖర్చయ్యేది ఈ పన్నెండు రోజుల్లోంచే. కాలేజీ 'ఆన్ డ్యూటీ' ఇస్తే కొంత కలిసొస్తుంది కానీ దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోకూడదు.

తిరుపతిలో చదివేవాళ్ళకి అవకాశాల కొరత లేదు, వాటిలో ఏది వదులుకోవాలన్నదే సమస్య. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ), పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ, అగ్రికల్చర్ కాలేజీ ఊళ్ళోనే ఉన్నాయి. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధన సంస్థ) రెండూ ఏర్పేడు వైపు ఉన్నాయి. చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు సరేసరి. ఇన్ని చోట్ల నుంచి వారానికో బ్రోచర్ వాట్సాప్ గ్రూపులో పడుతుంటే, స్నేహితుడు వెళ్తున్నాడనో, భోజనం బాగుంటుందనో, సర్టిఫికెట్ ఇస్తారనో పేరు ఇచ్చేస్తారు. ఈ మూడింటిలో భోజనం ఒక్కటే కాస్త నిజాయితీ ఉన్న కారణం. పాల్గొన్నందుకు ఇచ్చే సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా ఇంటర్వ్యూలో వాటి మీద ఒక్క ప్రశ్న రాదు.

ముందు మీకు తెలియనిది ఏదో చూసుకోండి

ఏ కార్యక్రమం మంచిదని అడిగితే జవాబు లేదు. మీకు ఇప్పుడు ఏం తెలియదో దాన్ని బట్టే ఎంపిక. ఒక ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారో తెలియనివాళ్ళు ల్యాబుకో ఫ్యాక్టరీకో వెళ్ళి చూడాలి. ఏ లైనో తెలుసు, అది తమ చేత అవుతుందో లేదో తెలియనివాళ్ళు చేత్తో చేయించే వర్క్‌షాపుకి వెళ్ళాలి. వచ్చే మే, జూన్‌కల్లా జీతం అందుకోవాల్సినవాళ్ళకి జాబ్ మేళా. పీజీ, పీహెచ్‌డీ వైపు చూసేవాళ్ళకి కాన్ఫరెన్సు, వేసవి ఫెలోషిప్.

మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. మొదటి సంవత్సరం పిల్లల్ని హాలు నింపడానికి కాన్ఫరెన్సులో కూర్చోబెడతారు. చివరి సంవత్సరం వాళ్ళు 'కృత్రిమ మేధకు పరిచయం' అని ఎవరో చెప్తుంటే వెనక బెంచీలో ఫోను చూసుకుంటారు. ఇద్దరికీ రోజు పోయింది.

జాబ్ మేళా: ఆఫర్ కాగితం చదవడం వస్తేనే

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మేళాల్లో ఎక్కువగా ఫ్యాక్టరీల ఉత్పత్తి విభాగాలు, చెన్నై, బెంగళూరు కాల్ సెంటర్లు, ప్రైవేటు బ్యాంకుల, ఇన్సూరెన్సు కంపెనీల అమ్మకాల ఉద్యోగాలు ఉంటాయి. పరిశోధన, డిజైను లాంటి పోస్టులు మేళాకి రావడం అరుదు. అది తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

రెజ్యూమె ఒక్క పేజీ, ఎనిమిది కాపీలు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఆరు. మార్కుల మెమోలు జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవాలి గాని ఎవరి దగ్గరా ఉంచకూడదు. తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండి, కంపెనీల జాబితా చదివి, మూడింటిని ఎంచుకోండి. పొడుగు క్యూ ఉన్న చోటే మంచి ఉద్యోగం ఉంటుందని లేదు. చాలాసార్లు పేరు మోసిన కంపెనీ బోర్డు కింద కూర్చున్నది ఆ కంపెనీ కాదు, దానికి మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ. అందుకే మొదటి ప్రశ్న ఇది: "ఇది కంపెనీ రోల్స్ మీదా, కాంట్రాక్టరు రోల్స్ మీదా?" అంటే జీతమిచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా అని. కాంట్రాక్టరు అయితే ఎన్ని నెలలకి, ఆ తర్వాత ఏమిటి అని అడగాలి.

ఎంపికయ్యాక కూడా చేరే రోజున చాలామందిని ఇబ్బంది పెట్టేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా వెనక ఉంటుంది, బ్యాంకు పాసుబుక్కులో అసలు ఉండదు. పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతా నంబరు ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే పని ఆగుతుంది. టెన్త్ మెమోని ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, బ్యాంకు రెండూ దానికి తగ్గట్టు మూడో సంవత్సరం మొదట్లోనే సరిచేయించుకోండి. మేళా నోటీసు వచ్చాక పరిగెడితే అందదు.

ఇక జీతం. బల్ల అవతల మనిషి "రెండు లక్షల నలభై వేలు" అంటాడు. పన్నెండుతో భాగించి నెలకి ఇరవై వేలని ఇంటికి ఫోను చేసేస్తారు. ఆ అంకె కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు, మీ చేతికొచ్చేది కాదు. బేసిక్ పది వేలు అనుకుని విడదీస్తే ఇలా ఉంటుంది. కంపెనీ తరఫు పీఎఫ్ 12 శాతం, అంటే 1,200. ఏళ్ళ తర్వాత మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది సుమారు 481. కంపెనీ తరఫు ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 3.25 శాతం, సుమారు 577. ఇవి పోగా స్థూల జీతం 17,742. దీనిలోంచి మీ వాటా పీఎఫ్ 1,200, మీ ఈఎస్ఐ 0.75 శాతం లెక్కన 133, ఆంధ్రప్రదేశ్‌లో ఈ స్థాయి జీతానికి వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది సుమారు 16,260.

ఇప్పుడు పోల్చండి. చెన్నైలో 16,260కి గదికి, తిండికి పోతే ఏం మిగులుతుంది? రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో చేతికి 14,000 ఇస్తూ, కంపెనీ బస్సు మీ ఊరి మీదుగా వస్తూ, క్యాంటీన్ భోజనం పెడితే నెలాఖరుకి ఎక్కువ మిగిలేది అక్కడే. కాబట్టి అడగాల్సినవి మూడు: బస్సు ఏ రూట్లో తిరుగుతుంది, రాత్రి షిఫ్టు వారానికి మారుతుందా నెలకి మారుతుందా, ఇన్నాళ్ళదాకా మానకూడదనే బాండు ఉందా. బాండు ఉంటే మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో రాతపూర్వకంగా చూడాలి. రిజిస్ట్రేషన్ ఫీజనో, ట్రైనింగ్ డిపాజిటనో డబ్బు అడిగితే అక్కడితో లేచి వచ్చేయండి. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బిస్తాడు గాని తీసుకోడు.

మేళాలో 'అప్రెంటిస్' అని రాసి ఉంటే చిన్నచూపు చూసి పక్కకి తప్పుకుంటారు. తొందరపడకండి. 2019 నిబంధనల ప్రకారమే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కి నెలకి కనీసం 9,000, డిప్లొమా వాళ్ళకి 8,000 స్టైపెండ్ ఇవ్వాలి. ఏడాది తర్వాత ఉద్యోగం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వరు. కానీ మంచి ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్‌షిప్పుకీ, ఎక్కడో ఏడాది సేల్స్ టార్గెట్లకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి మొదటిదే మేలు. రెండో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు దాని గురించే అడుగుతారు.

రెండో సంవత్సరం వాళ్ళు మేళాకి రోజంతా పెట్టనక్కర్లేదు. ఒక పూట వెళ్ళి, ఇంటర్వ్యూ అయి బయటికొస్తున్న సీనియర్లని "ఏం అడిగారన్నా?" అని అడిగితే ఆ పూట వృథా కాదు.

కాన్ఫరెన్సు: వినడానికి ఒక రోజు చాలు

2017 జనవరి 3 నుంచి 7 వరకు 104వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఎస్వీయూలో జరిగింది. అంత పెద్ద సభల్లో డిగ్రీ విద్యార్థి ఐదు రోజులూ హాల్లో కూర్చుంటే మూడో పూటకే తల దిమ్మెక్కుతుంది. వక్త తన తోటివాళ్ళ కోసం మాట్లాడతాడు. వినడానికే వెళ్తే కార్యక్రమ పట్టిక చూసి మీ సబ్జెక్టు ఉన్న ఒక్క రోజు ఎంచుకోండి. ప్రారంభోత్సవం పూట మానేసినా నష్టం లేదు. పోస్టర్ల సమయం మాత్రం మానకండి. అక్కడ పరిశోధక విద్యార్థులు తమ కాగితం పక్కనే నిలబడి ఉంటారు. వాళ్ళకీ అడిగేవాళ్ళు కావాలి. ఏ ల్యాబులో పని వాతావరణం ఎలా ఉంటుందో, ఏ గైడు దగ్గర పీహెచ్‌డీ ఎన్నేళ్ళు పడుతుందో వాళ్ళ నోటనే వినాలి.

మీరే ఏదైనా సమర్పించాలంటే ప్రసంగం కంటే పోస్టరే మంచిది. ప్రసంగానికి పది నిమిషాలిస్తారు, ముందు వక్త సమయం మీరితే అది ఆరు అవుతుంది, ప్రశ్నలకి వ్యవధి ఉండదు. పోస్టరు దగ్గర గంట, గంటన్నర నిలబడితే ఎనిమిది మందో పది మందో నిజంగా మాట్లాడతారు.

పోస్టరు కొలత ముందే కనుక్కోండి. ఏ1 అంటే 594 గుణకం 841 మిల్లీమీటర్లు, ఏ0 అంటే 841 గుణకం 1189. నిలువా, అడ్డమా అన్నదీ అడగాలి. నిలువు బోర్డుకి అడ్డం పోస్టరు తెచ్చి సగం గాలిలో వేలాడదీసినవాళ్ళు ప్రతి కాన్ఫరెన్సులోనూ ఉంటారు. చూసేవాళ్ళు మీటరున్నర దూరంలో ఉంటారు కాబట్టి అక్షరం 24 పాయింట్లకి తగ్గకూడదు, శీర్షిక 70కి పైన ఉండాలి. మొత్తం నాలుగైదు వందల మాటలు దాటితే ఎవరూ చదవరు. గ్రాఫుల అక్షాల మీది అంకెలు చిన్నవైపోవడం అందరూ చేసే పొరపాటు. ఫైలుని పీడీఎఫ్‌గా మార్చి, ఫాంట్లు అందులోనే పొదిగి ఇవ్వండి. తెలుగు పోస్టరైతే ఇది ఇంకా ముఖ్యం. మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు, డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్లు ఉంటాయి. అక్కడ తెరిచి కాపీ చేస్తే వత్తులూ గుడులూ చెల్లాచెదురవుతాయి. ముందురోజు సాయంత్రం కాకుండా రెండు రోజుల ముందు ప్రింటు తీయిస్తే తప్పు కనబడినా మళ్ళీ తీయించే వ్యవధి ఉంటుంది.

కాన్ఫరెన్సుకి ముందే పంపే సారాంశం (అబ్‌స్ట్రాక్ట్) మామూలుగా 250 మాటలు అడుగుతారు. అది వెనక్కి రావడానికి ముఖ్య కారణం అందులో ఫలితం లేకపోవడం. "నీటి నాణ్యతని అధ్యయనం చేశాం" అంటే చాలదు. ఎన్ని బోర్లు, ఏ మండలం, ఫ్లోరైడ్ ఎంతొచ్చింది, అనుమతించిన పరిమితి కంటే ఎన్నింటిలో ఎక్కువ అన్నది ఉండాలి.

ఇక డబ్బుల కోసమే పుట్టే కాన్ఫరెన్సులు. తిరుపతి పేరుకి ఉన్న ఆకర్షణ వల్ల ఇవి మన దగ్గర ఎక్కువ కనబడతాయి. పొద్దున ఏసీ హాల్లో గ్రూపు ఫోటో, మధ్యాహ్నం నుంచి కొండకి. దర్శనం దర్శనమే, కాన్ఫరెన్సు కాన్ఫరెన్సే. రెండూ ఒకే ప్యాకేజీలో అమ్ముతుంటే రెండోది అసలుదేనా అని చూడాలి. గుర్తులు పెద్ద కష్టమేమీ కాదు. ఒకే కాన్ఫరెన్సులో ఇంజినీరింగ్, యోగా, కామర్స్, నర్సింగ్ అన్నీ ఉంటాయి. పేపరు పంపిన ఇరవై నాలుగు గంటల్లో 'ఆమోదించాం, ఫీజు కట్టండి' అని వస్తుంది. కమిటీలో పేర్లుంటాయి గాని వాళ్ళు ఏ సంస్థలో ఏ హోదాలో ఉన్నారో ఉండదు. పోయినేడాది వచ్చిన పేపర్లు ఎక్కడున్నాయంటే జవాబు ఉండదు.

ప్రచురణ పేరుతో పెట్టే ఎర ఇంకోటి. 'యూజీసీ కేర్ జర్నల్లో వేయిస్తాం' అని ఇప్పటికీ బ్రోచర్లు వస్తున్నాయి. నమ్మదగ్గ జర్నళ్ళు ఇవీ అని చెప్పే ఆ కేర్ జాబితాని యూజీసీ 2019లో తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో నిలిపేసింది. లేని జాబితా పేరుతో ఫీజు అడుగుతున్నారంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. స్కోపస్‌లో (పరిశోధన జర్నళ్ళ డేటాబేసు) ఉన్న జర్నల్ అని చెప్తే ఆ జర్నల్ పేరు స్కోపస్ వెబ్‌సైటులోని మూలాల జాబితాలో మీరే వెతకండి, వాళ్ళు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకండి. అన్నిటికంటే తేలిక దారి మీ డిపార్ట్‌మెంటులో ఇద్దరు అధ్యాపకులకి బ్రోచర్ చూపించి "కమిటీలో ఎవరైనా మీకు తెలుసా సార్?" అని అడగడం. ఒక్కరు కూడా తెలియకపోతే ఆ ఫీజుతో మంచి పుస్తకం కొనుక్కోవచ్చు.

వర్క్‌షాపూ, ఆన్‌లైన్ కోర్సూ

వర్క్‌షాపు బ్రోచర్లో ఒక్క కార్యక్రమ పట్టికే చదవండి, మిగతాది అలంకారం. జ్యోతి ప్రజ్వలన, అతిథుల సన్మానం, టీ, ముగింపు సభ తీసేసి చేత్తో పనిచేసే గంటలు లెక్కపెట్టండి. రెండు రోజుల వర్క్‌షాపులో ఏడు గంటలకి తక్కువైతే అది పేరు మార్చుకున్న సెమినారు. తర్వాత ఒక పరికరానికి ఎంతమంది అని నిర్వాహకుల్ని ఫోను చేసి అడగండి. ముగ్గురు దాటితే మీరు చూసేవాళ్ళే, చేసేవాళ్ళు కాదు.

కంప్యూటర్ వర్క్‌షాపుల్లో మొదటి పూట సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికే పోతుంది. ల్యాబు కంప్యూటర్లకి అడ్మిన్ పాస్‌వర్డు ఉన్నాయన సెలవులో ఉంటాడు, అరవై మంది ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే నెట్ పడుకుంటుంది. ముందురోజే మీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని, ఒక చిన్న ప్రోగ్రాం నడిపి చూసుకుని వెళ్తే ఆ పూట మీది.

వర్క్‌షాపు చేతికి పని నేర్పుతుంది, లోతు ఇవ్వదు. లోతు కావాలంటే ఐఐటీల వాళ్ళు ఆన్‌లైన్లో నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు. 8 వారాలు, 12 వారాలు, పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలంటే ఫీజు వెయ్యి రూపాయలు. క్లాసు మానే పనే లేదు కాబట్టి మీ పన్నెండు రోజుల్లోంచి ఒక్కటీ పోదు, అదే దీని గొప్ప. మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకి, 75 పరీక్షకి. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. తప్పేవాళ్ళలో చాలామంది పాఠం కష్టమై తప్పరు. వీడియోలు తర్వాత చూద్దామని అసైన్‌మెంటు గడువులు వదిలేస్తారు, లేదా కోర్సులో చేరాక పరీక్షకి విడిగా నమోదు చేసుకోవాలన్న సంగతే మర్చిపోతారు. క్రెడిట్లు కలుస్తాయా అన్నది కోర్సులో చేరకముందే మీ కాలేజీ కోఆర్డినేటర్‌ని అడిగి రాతలో పెట్టించుకోండి.

ల్యాబులూ ఫ్యాక్టరీలూ: గంటన్నర ప్రయాణంలో ఉన్నవి

మా అభిప్రాయంలో ఈ జిల్లాల్లో చదివేవాళ్ళు అందరికంటే తక్కువ వాడుకుంటున్నది ఇదే. చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. గాలి పొరల్ని పరిశీలించే అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, 1,024 యాంటెన్నాలు వరసకి 32 చొప్పున నిలబడి ఉంటాయి. ఫిజిక్సు విద్యార్థి డాప్లర్ ప్రభావాన్ని పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకుంటాడు. అదే సూత్రంతో నెత్తి మీది గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో కొలిచే చోటు బస్సు దూరంలో ఉందని చాలామందికి తెలియదు. ఇలాంటి సంస్థల్ని చూడటానికి సందర్భం ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో రామన్ ఫలితం బయటపడ్డ రోజది. ఆ తేదీ చుట్టుపక్కల అందరినీ లోపలికి రానిచ్చే ఓపెన్ డే ఉందేమో ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ఫిబ్రవరి మొదటి వారం నుంచే చూస్తుండండి.

యాభై మందిని ఒక బస్సులో తీసుకెళ్ళే ఇండస్ట్రియల్ విజిట్ కంటే, ముందుగా అనుమతి అడిగి ఐదారుగురు వెళ్ళడం మేలు. యాభై మందిలో వెనకున్న ముప్పై మందికి మాట వినబడదు, యంత్రాల చప్పుడులో అసలే వినబడదు. వెళ్ళాక పెద్ద హోదా ఉన్నవాళ్ళనే కాదు, టెక్నీషియన్లనీ అడగండి. రోజుకి ఎన్ని గంటలు నిలబడాలి, నెలలో ఎన్ని రాత్రులు, ఈ పనికి ఏం చదివినవాళ్ళని తీసుకుంటారు అన్న మూడు ప్రశ్నలకి వచ్చే జవాబులు ఏ కెరీర్ కౌన్సెలింగ్ స్లైడులోనూ ఉండవు. చెప్పులతో లోపలికి రానివ్వరు, బూట్లు వేసుకోండి. ఫోను గేటు దగ్గర పెట్టేయాల్సి వస్తుంది కాబట్టి చిన్న నోటుపుస్తకం జేబులో ఉండాలి.

సీజను కూడా చూసుకోవాలి. ఫుడ్ టెక్నాలజీ, హార్టికల్చర్ వాళ్ళు చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ చూడాలంటే తోతాపురి దిగే జూన్, జూలైలోనే వెళ్ళాలి. గేటు బయట ట్రాక్టర్ల వరస, కాయలు కడగడం, టెంక తీయడం, గుజ్జు కాచి డబ్బాలకీ సంచులకీ నింపడం అన్నీ అప్పుడే నడుస్తాయి. జనవరిలో వెళ్తే కనబడేది కడిగి ఆరబెట్టిన స్టీలు తొట్లు. కాలేజీలు విజిట్లు పెట్టేది మాత్రం ఎక్కువగా జనవరిలోనే, బడ్జెట్టు సంవత్సరం మార్చితో ముగుస్తుంది కదా!

ఆర్ట్స్ వాళ్ళకి ఏమీ లేదనుకోకండి. సంస్కృతం, తెలుగు, చరిత్ర చదివేవాళ్ళకి తాళపత్రాల మీద పని నేర్పే శిక్షణలు ఈ ఊళ్ళో దొరికినంత తేలిగ్గా మరోచోట దొరకవు. నందినాగరి, గ్రంథ లిపి చదవగలిగినవాళ్ళు కొద్దిమందే. పోటీ లేని నైపుణ్యం అది. జీతం గొప్పగా ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేరు.

చూడటం అయ్యాక తర్వాతి మెట్టు అక్కడే కొన్నాళ్ళు పనిచేయడం. దానికి రెండు దారులున్నాయి. మొదటిది మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు. దరఖాస్తులు వేసవికి చాలా ముందే, చలికాలం మొదలయ్యేటప్పటికే ముగుస్తాయి. మార్చిలో గుర్తొచ్చేవాళ్ళు ఏటా వందలమంది ఉంటారు. దానికి మీ అధ్యాపకుల సిఫార్సు కావాలి. గడువు రేపనగా అడిగితే ఆయన రాసేది నాలుగు వాక్యాల మొక్కుబడి ఉత్తరమే. మూడు వారాల ముందు, మీ మార్కుల జాబితాతో పాటు ఆయన క్లాసులో మీరు చేసిన ప్రాజెక్టుని గుర్తుచేస్తూ ఒక పేజీ ఇవ్వండి.

రెండో దారి నేరుగా ప్రొఫెసర్‌కి మెయిల్. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ రీసెర్చ్" అని మొదలయ్యే మెయిల్ ఆయనకి వారానికి ఇరవై వస్తాయి. అవన్నీ ఒకే రకంగా ఉంటాయి, తెరవకుండానే పోతాయి. ఎనిమిది వాక్యాలు చాలు. విషయం గడిలో 'మే, జూన్ నెలల్లో ప్రాజెక్టు, బీఎస్సీ మూడో సంవత్సరం' అని రాయండి. మొదటి వాక్యంలో మీరెవరు, ఎక్కడ చదువుతున్నారు. రెండు, మూడు వాక్యాల్లో ఆయన పేపర్లలో మీరు నిజంగా చదివిన ఒకటి, అందులో మీకు అర్థం కాని ఒక చోటు. తర్వాత మీకు చేతనైన పనులు, అంటే టైట్రేషన్ అనో పైథాన్ అనో. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు, రోజూ తిరుపతి నుంచి వచ్చివెళ్తారా, హాస్టలు కావాలా. ఈ చివరిది మనకి అనుకూలం. దూరం నుంచి వచ్చేవాళ్ళకి గది చూపించాలి, ఊళ్ళో ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. పది రోజులకి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, రెండోసారి వద్దు.

రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక, డబ్బు తీసుకుని రెండు నెలల సర్టిఫికెట్ ఇచ్చే దుకాణాలు బయలుదేరాయి. కొనుక్కున్న సర్టిఫికెట్ క్రెడిట్లకి పనికొస్తుందేమో. "అక్కడ రోజూ ఏం చేసేవాడివి?" అన్న ప్రశ్న దగ్గర దొరికిపోతారు. ఎలాగూ తప్పనిసరి కాబట్టి ఆ రెండు నెలల్నే నిజం ల్యాబుకో, ఫ్యాక్టరీకో వాడుకుంటే హాజరు రోజులు ఖర్చు కావు.

హ్యాకథాన్

జట్టుగా కూర్చుని ఒక సమస్యకి కొద్ది గంటల్లో పరిష్కారం తయారుచేసే పోటీ ఇది. ఇంజినీరింగ్, ఎంసీఏ వాళ్ళకి మాత్రమే సిఫార్సు చేస్తాం, అదీ ఏడాదికి ఒకటి. 2017 నుంచి జరుగుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో జట్టుకి ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ముందు కాలేజీ స్థాయి పోటీ, చివరి దశలో సాఫ్ట్‌వేర్ జట్లకి 36 గంటలు. ఆరుగురూ కోడ్ రాసేవాళ్ళే అయితే ఓడిపోతారు. ఒకరు సమస్యని అర్థమయ్యేలా చెప్పగలగాలి, ఒకరు స్లైడ్లు చూసుకోవాలి. ఊళ్ళో కాలేజీలు పెట్టే చిన్న హ్యాకథాన్లని దానికి సాధనగా వాడుకోండి. నిద్ర మానుకుని చేసిన పని, కోడ్‌ని అందరికీ కనబడేలా దాచే గిట్‌హబ్‌లో పెట్టకపోతే ఎవరికీ చూపించలేరు.

రెండు కార్యక్రమాలు ఒకే వారం పడితే

చివరి సంవత్సరం, బ్యాక్‌లాగులు లేవు, ఇంటికి జీతం అవసరం: కాన్ఫరెన్సు వదిలేసి మేళాకి వెళ్ళండి. బ్యాక్‌లాగు ఉంటే మేళా కూడా వద్దు, ముందు ఆ పేపరు చదవండి. మేళాల్లో చాలా కంపెనీలు బల్ల దగ్గరే అది అడిగి పంపించేస్తాయి.

రెండో సంవత్సరం బీఎస్సీ, ఎంఎస్సీకి ఐఐటీల జామ్ రాయాలన్న ఆలోచన: ఓపెన్ డే వైపు మొగ్గండి, వర్క్‌షాపు మళ్ళీ వస్తుంది. జామ్ పరీక్ష మామూలుగా ఫిబ్రవరిలో ఉంటుంది కాబట్టి మూడో సంవత్సరంలో ఆ నెల కాన్ఫరెన్సులకి పేరు ఇవ్వకండి.

బీకాం, బీఏ మొదటి సంవత్సరం, ఏ లైనో తెలియదు: ఈ సెమిస్టరుకి ఏ సర్టిఫికెట్ వైపూ చూడకుండా, మూడు వేర్వేరు ఆఫీసుల్లో ఒక్కో పూట గడపండి. ఆడిటర్ ఆఫీసు, బ్యాంకు, తెలిసినవాళ్ళ హోటలు, ఏదైనా సరే. యాత్రికుల ఊరు కాబట్టి హోటళ్ళ, ప్రయాణాల వ్యాపారం ఎలా నడుస్తుందో ఇక్కడ చూసినంత దగ్గరగా మరోచోట చూడలేరు.

పేరు ఇచ్చే ముందు

ఆన్ డ్యూటీ ఉత్తరం వెళ్ళొచ్చాక అడిగితే రాదు. ముందే హెచ్‌ఓడీ సంతకం తీసుకుని ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. అమ్మాయిల హాస్టళ్ళలో గేటు వేళ దాటేలా కార్యక్రమం ఉంటే, ముగింపు సమయం రాసి ఉన్న బ్రోచర్‌తో పాటు వార్డెన్‌కి ఉత్తరం ఇవ్వాలి. నిర్వాహకులు అయిదింటికి అని వేసినా సన్మానాలతో ఆరున్నర అవుతుందని లెక్కలో పెట్టుకోండి.

కుప్పం నుంచో, పలమనేరు నుంచో వచ్చి రాత్రి ఉండాల్సినవాళ్ళు తేదీలని పంచాంగంతో సరిచూసుకోవాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో తిరుపతిలో గది దొరకడం కష్టం, దొరికినా రేటు మామూలు రోజుల రేటు కాదు, బస్సుల్లో నిలబడే చోటుండదు. కార్యక్రమం ఆ రోజుల్లోనే అయితే నిర్వాహకుల్ని హాస్టలు వసతి అడిగి, ఇస్తామని మెసేజ్ రూపంలో తీసుకున్నాకే ఫీజు కట్టండి.